ఉక్కుకు బొగ్గే బలం.. బొగ్గే గండం

2025 వానాకాలం ముచ్చట. ఇబ్రహీంపట్నంల ఎరువుల దుకాణం ముంగట పొద్దుగాల ఆరు గొట్టకముందే లైను. మనుషుల కన్న ముందు చెప్పులు, పాస్‌బుక్కు జిరాక్సులు నిలవడ్డయ్. నా ముంగటున్న తాత రెండెకరాల మక్కకు యూరియా కోసం వచ్చిండు. “రామగుండం ఫ్యాక్టరీ నడుస్తలేదట గద బిడ్డా. గంత పెద్ద ఫ్యాక్టరీ ఎట్లాగుతది? మా బోరు మోటరు కాలితే ఒక్క పూటల వైండింగు చేపిచ్చి నడిపిస్తం” అన్నడు. లైన్ల ఉన్నోళ్లంత నవ్విన్రు. కని తాత అడిగింది నవ్వే ప్రశ్న కాదు.

యూరియా ప్లాంటు ఆగనీకి వంద కారణాలుంటయ్. కంప్రెసరు, పంపు, కరెంటు, గ్యాసు సరఫరా, ఏదన్నా కావచ్చు. వాటిల్ల జనానికి దాదాపు తెల్వని కారణం ఒకటున్నది. ప్లాంటు లోపల ఎర్రగ కాలే ఉక్కు గొట్టాలను కార్బన్, అంటే మన బొగ్గుల ఉండే పదార్థమే, సప్పుడు లేకుంట తినుకుంట పోతది. తుప్పు అంటే మనకు నీళ్లు, గాలి, ఎర్ర పొడి యాదికొస్తయ్. ఇది గా తుప్పు కాదు. ఇక్కడ నీటి చుక్క ఉండది, ఎర్ర రంగు ఉండది. ఉక్కు నల్ల పొడి అయితది. లేకుంటే పైకి మంచిగనే కనవడి, ఒకరోజు గాజు లెక్క పలుగుతది.

బస్తా కోసం లైన్ల నిలవడే రైతుకు, బట్టీ పక్కన పనిచేసే కూలికి, రేపు బొగ్గు నుంచి గ్యాసు తీస్తమంటున్న సర్కారుకు, ముగ్గురికీ ఈ ముచ్చటతోని పని ఉన్నది. అందుకే జర ఇవరంగ చెప్తున్న.

కొలిమిల నేర్చిన పాఠం

బొగ్గుకు, ఇనుముకు దోస్తీ మనకు కొత్త కాదు. ఊర్ల కమ్మరి కొలిమి చూసినోళ్లకు తెలుసు. నాగలి కర్రు మొద్దువడితే కొలిమిల పెట్టి, తిత్తి ఊది, ఎర్రగ కాల్చి, దాగలి మీద సుత్తెతోని సాగగొట్టి, నీళ్లల్ల ముంచుతరు. సుయ్యిమని సప్పుడైతది. కర్రుకు పదును ఎక్కుతది.

ఆ పదును వెనుక ఉన్నది కార్బనే. ఉత్త ఇనుము మెత్తగ ఉంటది. అందుల వందల పావు వంతు కన్న తక్కువ కార్బన్ కలిస్తే ఇండ్లకు వాడే మెత్తటి ఉక్కు. వందల ఒక వంతు దగ్గరికి వస్తే ఆకురాయి, ఉలి అసొంటి గట్టి ఉక్కు. గాలి తగలకుంట బొగ్గుల నడుమ పెట్టి ఇనుమును ఎర్రగ కాలిస్తే, కార్బన్ దాని ఒంట్లకు దిగుతది. ఘన పదార్థంల ఇంకో పదార్థం ఎట్ల దిగుతదని అనుమానం రావచ్చు. ఎర్రగ కాలిన ఇనుముల అణువుల నడుమ సందులుంటయ్. కార్బన్ అణువు చిన్నది. చిన్న పోరడు జాతరల మందిని తోసుకుంట పోయినట్టు సందుల నుంచి లోపలికి పోతది. 900 డిగ్రీలు దాటినంక కొన్ని గంటలల్లనే మిల్లీమీటరు లోతుకు చేరుతది. లారీ గేర్ల పండ్లు ఇయ్యాల్టికీ ఇట్లనే గట్టిపరుస్తరు.

ఈ విద్యల మన తెలంగాణోళ్లు ప్రపంచానికే పెద్దన్నలు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంల మట్టి మూసలల్ల ఇనుమును మూతవెట్టి కరిగించి ఉక్కు ముద్దలు చేసేటోళ్లు. వందల ఒకటిన్నర వంతు అటుఇటు కార్బన్ ఉండే ఆ ఉక్కును కొననీకి పర్షియా నుంచి వ్యాపారులు వచ్చెటోళ్లు. డమాస్కస్ కత్తులకు పేరు తెచ్చిన ఉక్కు గిదే. 1820లల్ల హెన్రీ వోయిసీ అనే ఇంగ్లీషాయన అక్కడికి పోయి ఆ పని చూసి రాసిండు.

కమ్మరికి, కోనసముద్రం పనోళ్లకు తెలిసిన అసలు రహస్యం ఏందంటే కొలత. ఎంత బొగ్గు, ఎంత వేడి, ఎంత సేపు అన్నది చేతుల ఉండాలె. కొలత చేతుల ఉన్నంత సేపు బొగ్గు ఉక్కుకు బలం. చెయ్యి దాటితే అదే బొగ్గు గండం.

చెదలు పట్టిన దర్వాజ

మొదటి రకం గండం పేరు కార్బురైజేషన్. 800 డిగ్రీలు దాటిన వేడిల, కార్బన్ మస్తుగ ఉన్న గ్యాసు నడుమ, ఉక్కు గొట్టం ఏండ్ల తరబడి ఉంటే జరిగేది ఇది. గేరు పండ్లకు కావాలని కొన్ని గంటలు చేసే పనే, ఇక్కడ మనకు ఇష్టం లేకుంట రోజులు, నెలలు నడుస్తది.

ఇసొంటి చోట మామూలు ఉక్కు పనికి రాదు కాబట్టి క్రోమియం, నికెల్ కలిపిన ఉక్కు వాడుతరు. మన వంటింటి స్టీలు గిన్నెల 18 పాళ్లు క్రోమియం, 8 పాళ్లు నికెల్ ఉంటది. ఫర్నేసు గొట్టాలల్ల 25 పాళ్లు క్రోమియం, 20 నుంచి 35 పాళ్లు నికెల్ ఉంటది. క్రోమియం చేసే పని ఒక్కటే. గాలిల, ఆవిరిల ఉన్న ఆక్సిజన్‌తోని కలిసి ఉక్కు మీద సన్నటి పొర కడుతది. గిన్నె మీద ఆ పొర మన తలవెంట్రుక మందంల వెయ్యో వంతు గూడ ఉండది. గీత పడితే మళ్ల తనంతట తనే కట్టుకుంటది. స్టీలు గిన్నె తుప్పు పట్టకుంట కాపాడేది గా పొరనే. కార్బన్‌ను లోపలికి రానియ్యనిది గూడ గదే.

అయితే వేడి మరీ ఎక్కువైనా, ఆక్సిజన్ దొరకకున్నా, వేడి చేసుడు, సల్లార్చుడు మాటిమాటికి జరిగినా ఆ పొర పలుగుతది. సందు దొరికిందంటే కార్బన్ లోపలికి దిగుతది. దిగి ఊకుంటదా? క్రోమియంను పట్టుకొని కార్బైడు అనే గట్టి గడ్డలు కడుతది. పొర కట్టాల్సిన క్రోమియం అంత గడ్డలల్ల చిక్కుకుంటది. మళ్ల పొర కట్టుదామంటే క్రోమియం మిగలది. కావలి ఉన్నోన్ని దొంగ తనతోని కలుపుకున్నట్టు అయితది.

అప్పుడు గొట్టం ఎట్లుంటది? బయటికి చూస్తే మందం తగ్గది. రంగు మారది. చెదలు పట్టిన దర్వాజ లెక్క, పైన సున్నం మంచిగనే ఉంటది, లోపల కర్ర ఉండది. గొట్టం లోపలి వైపు పెళుసువడి, సాగే గుణం పోతది. ఇంకో చిక్కు గూడ ఉన్నది. కార్బన్ పట్టిన లోపలి భాగం, పట్టని బయటి భాగం ఒక్క తీరుగ పెరగవు, ఒక్క తీరుగ కుంచించవు. అందుకే ప్లాంటు నడిచినన్ని రోజులు ఓర్చుకున్న గొట్టం, ప్లాంటును ఆపి సల్లార్చేటప్పుడు పలుగుతది. నడుపుడు కన్న ఆపుడు, మళ్ల ముట్టిచ్చుడు ఎక్కువ గండమని ఫర్నేసుల కాడ పనిచేసేటోళ్లు అనేది ఊకెనే కాదు.

దీన్ని కనిపెట్టే ఉపాయం ఒకటి చెప్తే నవ్వొస్తది. అయస్కాంతం. ఈ రకం మంచి స్టీలుకు అయస్కాంతం అంటుకోదు. కార్బన్ క్రోమియంను గుంజుకున్నంక మిగిలిన లోహం అయస్కాంతానికి లొంగుతది. ఫర్నేసు సల్లారినంక గొట్టం ఎంత అయస్కాంత గుణం చూపుతున్నదో కొలిస్తే, లోపల ఎంత లోతుకు కార్బన్ దిగిందో అంచనా కట్టొచ్చు. ప్లాస్టిక్‌కు మూలమైన ఇథిలీన్ తయారుచేసే ఫర్నేసులల్ల ఇట్లనే గొట్టాలు పరీక్ష చేస్తరు.

గోడల రావి మొలక

రెండో రకం గండం ఇంకా విచిత్రమైనది. ఇంగ్లీషుల దీన్ని మెటల్ డస్టింగ్ అంటరు. మన మాటల చెప్పాలంటే లోహం దుమ్మయిపోవుడు. ఇది 450 నుంచి 800 డిగ్రీల నడుమ జరుగుతది. జర్మనీల డ్యూసెల్‌డార్ఫ్‌ల ఉన్న మాక్స్ ప్లాంక్ ఇనుము పరిశోధన సంస్థల హన్స్ యుర్గెన్ గ్రాబ్కె అనే శాస్త్రవేత్త ఏండ్ల తరబడి దీన్ని తవ్వి, ఎట్ల జరుగుతదో ఇడమర్చి చెప్పిండు.

వేడి ఎక్కువైతే గద ఎక్కువ చెడేది, ఈ నడిమి వేడిల ఎందుకు చెడుతది అని అడగొచ్చు. పాలు తోడు పెట్టుడు యాదికి తెచ్చుకోండ్రి. పొంగే పాలల్ల తోడు వేస్తే పెరుగు కాదు. ఫ్రిజ్ల పాలల్ల వేసినా కాదు. గోరువెచ్చగ ఉంటెనే తోడుకుంటది. కార్బన్ మోనాక్సైడు గ్యాసు గూడ గంతే. 1000 డిగ్రీల దగ్గర అది విడిపోయి కార్బన్ రాలాలనే ఆత్రం తక్కువ. 400 కన్న తక్కువకు వస్తే ఆత్రం ఉన్నా, కదిలే శక్తి ఉండది. నడుమ వేడిలనే ఆత్రం, శక్తి రెండూ ఉంటయ్. రెండు కార్బన్ మోనాక్సైడు అణువులు కలిసి ఒకటి కార్బన్ డయాక్సైడు అయితది, ఒక కార్బన్ విడిపోతది. ఆ కార్బన్‌కు దొరికిన తావు ఉక్కు.

ఇనుములకు పట్టేదాని కన్న ఎక్కువ కార్బన్ దూరితే అది సిమెంటైటు అనే పెళుసు పదార్థం అయితది. దాని మీద గ్రాఫైటు, అంటే పెన్సిల్ ముల్లుల ఉండే కార్బన్, పేరుడు మొదలైతది. గ్రాఫైటు పేరంగనే ఆ సిమెంటైటు నిలవలేక మళ్ల ఇనుము, కార్బన్‌గ ఇచ్చుకపోతది. గోడ సందుల రావి మొలక చూసిన్రు గద. గింజ చిన్నదే. ఏరు పెరిగిన కొద్ది ఇటుక ఇటుకను ఎడంజేసి గోడనే కూలగొడుతది. గ్రాఫైటు పొరలు గూడ లోహం లోపలికి ఏర్ల లెక్క పెరిగి, దాన్ని కండ్లకు కనవడనంత చిన్న రేణువులుగ ఇరగ్గొడుతయ్. చివరికి మిగిలేది నల్లటి మసి, అందుల ఇనుప పొడి.

కథ అక్కడితోని అయిపోదు. ఆ ఇనుప పొడే మళ్ల గ్యాసును తొందరగ ఇరగ్గొట్టి ఇంకింత మసిని పుట్టిస్తది. అప్పు మీద మిత్తి, మిత్తి మీద మిత్తి లెక్క. గ్యాసు వేగంగ పోతుంటే ఆ మసిని ఊడ్చుకపోతది. కింద కొత్త లోహం బయటవడుతది. దాన్ని మళ్ల తింటది. స్టీలు గొట్టం మీద ఇది సుద్ద గోళీ పడ్డట్టు గుండ్రటి గుంతలుగ కనవడుతది. చుట్టూ నున్నగ మెరుస్తనే ఉంటది. నడుమ గుంత మాత్రం లోతుకు పోతనే ఉంటది. పరిస్థితి మరీ ఖరాబుగ ఉంటే నెలల లోపలనే గొట్టానికి తూటు పడ్డ సందర్భాలున్నయ్.

యూరియా బస్తాకు, దీనికి ఏం సంబంధం?

ఇప్పుడు తాత ప్రశ్న కాడికి వద్దాం. యూరియాల 46 పాళ్లు నత్రజని ఉంటది. నత్రజని గాలిలనే ఉన్నది. కని దాన్ని అమ్మోనియాగ మార్చాలంటే హైడ్రోజన్ కావాలె. హైడ్రోజన్‌ను సహజవాయువు నుంచి తీస్తరు. గ్యాసు, నీటి ఆవిరి కలిపి నికెల్ ఉత్ప్రేరకం నింపిన గొట్టాల నుంచి పంపి, బయట మంటతోని 800 డిగ్రీలు దాటేటట్టు కాలుస్తరు. తర్వాత రెండో పాత్రల గాలి కలిపితే వేడి 1000 డిగ్రీల దాపుకు పోతది. అక్కడి నుంచి వచ్చే గ్యాసుల హైడ్రోజన్‌తోని పాటు కార్బన్ మోనాక్సైడు గూడ బాగనే ఉంటది. దాన్ని తర్వాతి పనికి 350 డిగ్రీల దాపుకు సల్లార్చాలె.

చూసిన్రా? 1000 నుంచి 350కి దిగాలంటే నడుమ 800 నుంచి 450 దాక ఉన్న తోడుకునే వేడిని దాటాల్సిందే. అమ్మోనియా ప్లాంటుల ఈ దిగుడు కాడనే మెటల్ డస్టింగ్ కాచుకొని ఉంటది. ఆ వేడిని వృథా చెయ్యకుంట ఆవిరి తయారుచేసే బాయిలర్ అక్కడ పెడుతరు. దాని మూతి కాడ, గొట్టాల మొదట్ల కావలి గట్టిగ ఉండాలె.

రామగుండం ఎరువుల ప్లాంటు 2021ల ఉత్పత్తి మొదలుపెట్టింది. 2022 నవంబర్‌ల ప్రధాని జాతికి అంకితం చేసిండు. రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా, 3,850 టన్నుల యూరియా దాని సామర్థ్యం. 45 కిలోల బస్తాల లెక్కన చూస్తే రోజుకు 85 వేల బస్తాలకు పైన. ఇసొంటి ప్లాంటు ఏదన్నా సరే, ఒక్క రోజు ఆగితే ఎన్ని ఊర్ల లైన్లు పొడుగైతయో లెక్క వేసుకోవచ్చు. మోటరు వైండింగు లెక్క పూటల అయ్యే పని ఎందుకు కాదంటే, అంత వేడిని ఒక్కసారి సల్లార్చరాదు, ఒక్కసారి ఎక్కించరాదు. తొందరవడితే గొట్టాలు పలుగుతయ్. లోపలికి పోయి చూడాలంటే ముందుగాల విష గ్యాసు అంత వెళ్లగొట్టాలె. ఆపనీకి రోజులు, చూడనీకి రోజులు, మళ్ల ముట్టియ్యనీకి రోజులు.

గంధకం పోతే కావలి పోతది

ఈ కథల ఒక చిత్రమైన మెలిక ఉన్నది. గంధకం ఉక్కుకు శత్రువని అందరికీ తెలుసు. కని మెటల్ డస్టింగ్ కాడ జరంత గంధకం కాపాడుతది. గంధకం అణువులు లోహం మీద కూసుంటయ్. బస్సుల సీట్లన్ని నిండితే కొత్తోళ్లు ఎక్కలేనట్టు, కార్బన్‌కు లోపలికి పోయే తావు దొరకది. ఇనుప ఖనిజాన్ని గ్యాసుతోని స్పాంజ్ ఐరన్ చేసే ప్లాంట్లల్ల ఈ గుణాన్ని వాడుకుంటరు.

యూరియా ప్లాంటుల మాత్రం గంధకాన్ని పూర్తిగ తీసెయ్యాలె. లేకుంటే లక్షల రూపాయల నికెల్ ఉత్ప్రేరకం చచ్చిపోతది. అంటే గ్యాసు ఎంత శుభ్రమైతే గొట్టానికి అంత గండం.

ఇంకో మెలిక పొదుపుది. గ్యాసుల ఆవిరి ఎక్కువ కలిపితే పొర మంచిగ కడుతది, కార్బన్ ఆత్రం తగ్గుతది. కని ఆవిరి తయారీకి ఇంధనం ఖర్చు. ఖర్చు తగ్గించాలని ఆవిరి తగ్గిస్తే కార్బన్ ఆత్రం పెరుగుతది. పొదుపు కాగితం మీద కనవడుతది, నష్టం గొట్టం లోపల పెరుగుతది. ఇది ఒక్క ప్లాంటు ముచ్చట కాదు, ప్రపంచంల ఈ పరిశ్రమ అంత మోసే బరువు.

మరి మందు లేదా అంటే ఉన్నది. గ్యాసు తగిలే చోట వేడి తట్టుకునే సిమెంటు పూత వేసి, లోహానికి నేరుగ తగలకుంట చేస్తరు. గండం ఉన్న వేడిని తొందరగ దాటిస్తరు. క్రోమియంతో పాటు అల్యూమినియం, సిలికాన్ కలిపిన లోహాలు వాడుతరు. అల్యూమినియం కట్టే పొర క్రోమియం పొర కన్న గట్టిది. మామూలు ఉక్కు మీద అల్యూమినియం పట్టించి గూడ కాపాడొచ్చు. రాగిల కార్బన్ దాదాపు కరగదు కాబట్టి రాగి కలిపిన లోహాల మీద గూడ పరిశోధన నడిచింది. నికెల్ ఎక్కువున్న ఖరీదైన లోహాలు చాన రోజులు నిలుస్తయ్. కని చెడనే చెడనిది ఏదీ లేదు. అందుకే లోహం ఎంత మంచిదైనా మనిషి కన్ను కావాలె.

చిన్న బట్టీల కాడ ప్రాణం పందెం

పెద్ద ప్లాంటుల ఇంజినీర్లుంటరు, పరీక్షలుంటయ్, పుస్తకాలుంటయ్. నాకు ఎక్కువ భయం చిన్న బట్టీల ముచ్చటనే.

చాన ఏండ్ల కింద నేను గేర్లు గట్టిపరిచే ఒక చిన్న షాపుల పనిచేసిన. సరుకును ఫర్నేసుల పెట్టనీకి స్టీలు బుట్టలుండె. కొత్తల మెరిసే బుట్ట ఏడాది తిరిగేసరికి నల్లవడి, వంకర పోయి, కింద పడితే మట్టి కుండ లెక్క పలిగేది. “స్టీలు కల్తీది” అని మేమందరం అమ్మినోన్ని తిట్టుకున్నం. కల్తీ కాదు, కార్బన్ తిన్నదని చాన రోజులకు తెలిసింది. ఒకరోజు కాలుతున్న సరుకుతో బుట్ట కొండి ఊడి కింద పడ్డది. నా పక్కన పనిచేసే అన్న కాలు గుంజుకున్నడు కాబట్టి బతికిండు. కొండిని ఒక్కసారన్న సుత్తెతోని కొట్టి సప్పుడు విని ఉంటే ముందే తెలుస్తుండె. చెప్పినోళ్లు లేరు.

ఇప్పుడు పాత టైర్లను గాలి తగలకుంట కాల్చి నూనె తీసే డ్రమ్ములు వచ్చినయ్. మన రాష్ట్రంల గూడ ఉన్నయ్. లోపల వేడి 400 నుంచి 500 డిగ్రీలు. బయట మంట తగిలే చోట ఇంకా ఎక్కువ. టైర్లల్ల కార్బన్‌తో పాటు గంధకం ఉంటది. ఇక్కడ గంధకం కావలి కాయదు, తనే తింటది. కొలత దాటిన మందు విషమైనట్టు. దానికి తోడు రోజూ కాల్చుడు, సల్లార్చుడు. డ్రమ్ము అడుగు పలుచగైతది, ఉబ్బుతది. లోపల మండే గ్యాసు ఉన్నది, బయట మంట ఉన్నది, పక్కన బతుకుదెరువుకు వచ్చిన పక్క రాష్ట్రం కూలి ఉన్నడు. నడుమ అడ్డం ఉన్నది గా పలుచటి రేకే.

ఆవిరి బాయిలర్‌కు మనకు 1923 నుంచి చట్టం ఉన్నది. 2025ల కొత్త బాయిలర్ల చట్టం గూడ వచ్చింది. కని చట్టం లెక్కల బాయిలర్ అంటే ఆవిరి చేసేది. టైర్ల డ్రమ్ము ఆవిరి చెయ్యదు. పొగ ఎంత వస్తుందని కాలుష్యం బోర్డోళ్లు చూస్తరు. రేకు ఎంత మందం మిగిలిందని చూసేటోళ్లు ఎవరు?

పెద్ద దేశాలల్ల గూడ చూపు తప్పితే ప్రాణాలు పోయినయ్. అమెరికాల వాషింగ్టన్ రాష్ట్రం అనకార్టెస్‌ల 2010 ఏప్రిల్ 2న ఒక రిఫైనరీల వేడి మార్చే పాత్ర పలిగి ఏడుగురు సచ్చిపోయిన్రు. అది దీనికి ఉల్టా ముచ్చట. అక్కడ హైడ్రోజన్ ఉక్కు లోపలికి దిగి, లోపలున్న కార్బన్‌ను పట్టుకొని మీథేన్ గ్యాసు చేసి, ఉక్కును పగలగొట్టింది. కార్బన్ ఎక్కువ దూరినా గండమే, ఉన్న కార్బన్ పోయినా గండమే. ఆ పాత్ర పనిచేసే వేడి “పర్వాలేదు” అని రాసిపెట్టిన గీత లోపలనే ఉందని విచారణల తేలింది. కాగితం మీది గీతను నమ్మి, లోహాన్ని చూడకపోతే ఏమైతదో చెప్పనీకి ఇంతకన్న సాక్ష్యం అక్కర్లేదు.

రేపు బొగ్గు గ్యాసు వస్తది, లోహం ఏది?

మన దేశం 2030 నాటికి ఏడాదికి 10 కోట్ల టన్నుల బొగ్గును గ్యాసుగ మార్చాలని లక్ష్యం పెట్టుకున్నది. 2024 జనవరిల కేంద్ర కేబినెట్ దీని కోసం రూ.8,500 కోట్లు ఇస్తమన్నది. ఒడిశా తాల్చేర్‌ల బొగ్గు నుంచి యూరియా తీసే ప్లాంటు కడుతున్నరు. హైదరాబాద్‌ల భెల్ 2022 జనవరిల బొగ్గు నుంచి రోజుకు పావు టన్ను మిథనాల్ తీసే చిన్న ప్లాంటు మొదలుపెట్టింది. సింగరేణి బొగ్గు ఉన్న మన రాష్ట్రానికి ఇది దూరపు ముచ్చట కాదు. అసలు మనకు కొత్త గూడ కాదు. రామగుండంల పాత ఎరువుల కార్ఖానా 1980ల మొదలైంది బొగ్గుతోనే. 1999ల మూతవడ్డది.

బొగ్గు నుంచి తీసే గ్యాసుల కార్బన్ మోనాక్సైడు సహజవాయువు ప్లాంటుల కన్న ఎక్కువ. గంధకం గూడ ఉంటది, దుమ్ము ఉంటది. అంటే ఈ వ్యాసంల చెప్పిన గండాలన్ని ఒక్క చోట కూడుతయ్. కోట్ల లెక్క చెప్పే సభలల్ల గొట్టాల లెక్క గూడ చెప్పాలె. ఏ లోహం వాడుతరు, ఎవరు తయారుచేస్తరు, ఎన్ని రోజులకోసారి చూస్తరు అని అడగాలె.

మంచి మాట ఏందంటే, ఈ విద్య మనకు దూరంగ లేదు. కంచన్‌బాగ్‌ల మిధాని 1973ల పెట్టిన్రు. వేడిని తట్టుకునే ప్రత్యేక లోహాలు చేసుడే దాని పని. మన రంగారెడ్డి జిల్లా బాలాపూర్‌ల ఏఆర్‌సీఐ అనే కేంద్ర పరిశోధన సంస్థ ఉన్నది. లోహాల మీద రక్షణ పూతలు దాని ముఖ్యమైన పనులల్ల ఒకటి. వరంగల్ ఎన్‌ఐటీల లోహశాస్త్రం చెప్తరు. ఇబ్రహీంపట్నం చుట్టూ సాగర్ రోడ్డు మీద ఇంజినీరింగ్ కాలేజీలు ఒకదాని పక్కన ఒకటున్నయ్. పొద్దుగాల బస్సులు పిల్లలతోని నిండి వస్తయ్. ఆ పిల్లలల్ల ఎక్కువమంది కంప్యూటర్ చదివేటోళ్లే. చదవని, తప్పు లేదు. కని మెకానికల్ చదివే పిల్లగాడు గూడ తుప్పు అంటే తడి తుప్పే అనుకొని డిగ్రీ పట్టుకొని పోతున్నడు. కోనసముద్రం ఉక్కు గురించి గర్వంగ చెప్పుకునే గడ్డ మీద ఇది జర సిగ్గువడే ముచ్చటనే.

చెయ్యాల్సినవి పెద్ద పనులేం కావు. ఒకటి, వేడి గ్యాసుతోని నడిచే ప్రతి పాత్రకు, అది ఆవిరి చేసినా చెయ్యకున్నా, ఏటా మందం కొలిచే నియమం పెట్టాలె. అల్ట్రాసౌండ్ మీటరు పెట్టి కొలుచుడు గంటల పని. రెండు, ఐటీఐలల్ల, పాలిటెక్నిక్‌లల్ల వేడి తుప్పు గురించి పాఠం పెట్టాలె. పలిగిన ముక్కలు తెచ్చి పిల్లల చేతికియ్యాలె. మూడు, చిన్న బట్టీలోళ్లు పరీక్ష చేయించుకోనీకి బాలాపూర్, కంచన్‌బాగ్ అసొంటి చోట తక్కువ ధరకు ఒక కిటికీ తెరవాలె. నాలుగు, ప్లాంటు ఆగితే ఎందుకు ఆగిందో, ఏ భాగం చెడ్డదో జనానికి అర్థమయ్యే మాటల చెప్పాలె. “సాంకేతిక కారణాలు” అన్న రెండు మాటలు లైన్ల నిలవడ్డ రైతుకు జవాబు కాదు.

ఆ రోజు లైన్ల తాతకు నేను ఇంత చెప్పలేదు. “తాతా, లోపల గొట్టాలకు గూడ చెదలు పడుతయ్. సూడకపోతే కూలుతయ్” అన్న. తాత జర సేపు ఆలోచించి, “చెదలు పట్టిందని దర్వాజ కూలినంక తెలుసుకునుడు కాదు బిడ్డా. మేమైతే ఏటా వానలకు ముందు తట్టి సూస్తం” అన్నడు. లైను జరిగింది. ఆయనకు ఒక బస్తా దొరికింది, రెండోది దొరకలేదు.

తట్టి చూసుడు. మన సర్కారు, మన ప్లాంట్లు, మన బట్టీలు నేర్చుకోవాల్సింది గంతే.